ఆపినవారు: నాంచారయ్య

61వ ఏడు, జ్యేష్ఠం 3

పదవి దిగే ప్రతి ఆపరేటరూ చివరి పది రోజుల దినచర్య రాసి ఇచ్చి వెళ్ళాలని కార్యదర్శి సుందరమూర్తి కొత్తగా ఉత్తర్వు తీశాడు. ఉత్తర్వులు తప్ప మరేమీ చదవని మనిషి. లోకంలో రాసేవన్నీ ఉత్తర్వుల్లాగే ఉంటాయని ఆయన నమ్మకం. సరే, రాస్తాను. ఈ తొమ్మిదో దిమ్మ మీద రాయడం చేతనైనవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

నా పేరు త్రివిక్రమం. వయసు డెబ్భై ఒకటి. సర్వర్ గదిలో నలభై ఒక్క ఏళ్ళుగా కూర్చుంటున్నాను.

ఉదయం గాలి జాలీల మీద పేరుకున్న ఉప్పు పెచ్చులు గీకాను. రోజూ గీకాలి. కిందంతా సముద్రం. ఒకప్పుడు ఇక్కడ మూడు పంటలు పండేవట. ఇప్పుడు ఆరు బోలు స్తంభాల మీద దిమ్మ, దాని మీద ఆరు వందల నలభై మందిమి. మనుషులు స్తంభాల లోపలికి నిచ్చెన మీద దిగి తుప్పు గీకుతూ ఉంటేనే ఇవి నిలబడతాయి. లోపల ఊపిరికి సరిపడా గాలి ఉండదు. పైనుంచి బ్లోయర్ పంపాలి. బ్లోయర్‌ని నడిపేది సర్వర్‌లో ఒక ప్రోగ్రాం. గాలి తగ్గితే గంట కొట్టేది ఇంకో ప్రోగ్రాం. రెండూ నా పేరు మీదే నడుస్తున్నాయి.

పేరు మీద అని ఎందుకంటున్నానంటే, మా దగ్గర యంత్రం తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టకూడదు. మొదటి దిమ్మ తలుపులు వాటంతట అవే మూసుకుని నూట పది మంది పోయారు. అప్పుడు జవాబు చెప్పడానికి ఒక్క మనిషి పేరు కూడా దొరకలేదు. అందుకే పెద్దలు నియమం పెట్టారు: ప్రతి ప్రోగ్రాంనీ ఒక మనిషి తన లాగిన్‌లోంచి తన చేత్తో మొదలుపెట్టాలి. మంచి నియమమే. నేనూ సమర్థించాను.

పని దిగేటప్పుడు మేం లాగౌట్ చేయం. తెర మీద తువ్వాలు కప్పి కుర్చీ వదిలేస్తాం. లాగౌట్ అంటే మా దృష్టిలో కొలువు వదిలి పారిపోవడం. నలభై ఒక్క ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా లాగౌట్ చేయలేదు.

నా తర్వాత ఈ గదికి వచ్చేది తాయారు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంది. పుస్తకం ముట్టదు, యంత్రాన్ని మాత్రం చదివేస్తుంది. నేను వెళ్ళిపోతే ఈ గది ఏమైపోతుందో అని ఇవాళ పైకే అన్నాను.

“ఏమవుద్ది మాస్టారూ, కాస్త నిశ్శబ్దంగా ఉంటది,” అంది, తల ఎత్తకుండానే.

జ్యేష్ఠం 5

ఇవాళ నా లాగౌట్. సుందరమూర్తి శాలువా తెచ్చాడు. నా సేవల గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాడు. అందులో మూడు నిమిషాలు తన గురించి. నెలాఖరుకి నా లాగిన్ పూర్తిగా మూసేస్తారట, ఇవాళ్టిది లాంఛనం. మీట నొక్కాను. తెర నల్లబడింది. అందరూ చప్పట్లు కొట్టి మెట్లెక్కి పైకి వెళ్ళాం.

టీ గ్లాసు చేతికి రాకముందే మూడో స్తంభం దగ్గర కేకలు. గీకుడు పనివాళ్ళు ముగ్గురు అప్పుడే దిగుతున్నారు, నాలుగో మెట్టు మీద ఉన్నారు. బ్లోయర్ ఆగిపోయింది. గంట మోగలేదు. చప్పుడు లేకపోవడం గమనించి వాళ్ళే పైకి వచ్చేశారు. ఇంకో పావుగంట తర్వాత ఆగి ఉంటే అడుగున ఉండేవాళ్ళు.

పరిగెత్తలేను కాబట్టి నడిచి వెళ్ళి మళ్ళీ లాగిన్ అయ్యాను. రెండు ప్రోగ్రాంలూ మొదలుపెట్టాను. అప్పుడు నమోదు చూశాం. యంత్రం ఇలా రాసుకుంది: బ్లోయర్ ఆగింది. ఆపినవారు: త్రివిక్రమం.

నేను ఆపలేదన్నాను. సుందరమూర్తి నా భుజం మీద చెయ్యి వేసి వయసు మీద పడుతోంది కదా అన్నాడు. ఆ చెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది.

ఒక నిజం రాయాలి. మొదట నాకు సంతోషం వేసింది. నేను లేచిన మరు నిమిషంలో ఊపిరి ఆగిపోయింది చూశారా అని లోలోపల పండగ చేసుకున్నాను. ముగ్గురు మనుషులు నిచ్చెన మీద ఉండగా.

జ్యేష్ఠం 6

ఉదయం తాయారు తన లాగిన్‌లోంచి రెండు ప్రోగ్రాంలూ మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని తప్పులు వెతికాను, దొరకలేదు. స్తంభాల్లోకి ఎవరినీ దించవద్దని గీకుడు పనివాళ్ళకు చెప్పి ఉంచాను. మధ్యాహ్నం రెండు దాకా బ్లోయర్ చక్కగా తిరిగింది.

రెండింటికి తాయారు లాగౌట్ చేసి భోజనానికి లేచింది. తువ్వాలు అపరిశుభ్రమట. ఇకనుంచి అందరూ లాగౌట్ చేయాలని సుందరమూర్తి ఉత్తర్వు. ఆమె గుమ్మం దాటిందో లేదో బ్లోయర్ నిలిచిపోయింది. గంట మళ్ళీ మూగపోయింది.

నమోదులో: ఆపినవారు: తాయారు.

“నేను ముట్టుకోలేదు మాస్టారూ,” అంది.

చూసుకుని నొక్కాలమ్మా అన్నాను. ఇవాళ ఆ మాటకు సిగ్గుపడాల్సింది. పడలేదు.

జ్యేష్ఠం 7

ఫ్యూజులు మార్చాం. అది కాదు. బ్లోయర్ మోటారు విప్పాం, లోపల ఉప్పు ఉంది కానీ ఎప్పుడూ ఉండేదే. సర్వర్ వెనక తేమకి పచ్చబడిన కేబుల్ ఒకటి దొరికింది. దొంగ దొరికాడనుకుని మార్చాం. సాయంత్రం దాకా బాగా నడిచింది, తాయారు లాగౌట్ చేయగానే ఆగింది. సర్వర్ జ్ఞాపకం నిండిపోయిందేమోనని చూశాం, సగం ఖాళీ.

కుర్చీలో మనిషి ఉన్నంతసేపూ అన్నీ సవ్యంగా ఉంటాయి. మనిషి వెళ్ళాకే చెడుతుంది. ఇలాంటి జబ్బుని పట్టుకోవడం కష్టం. చూడటానికి కూర్చుంటే కనపడదు.

జ్యేష్ఠం 8

సుందరమూర్తి తాయారు మీద నివేదిక రాస్తున్నాడు. పదకొండున దిమ్మ సభ. అది నెగ్గితే తాయారు ఇక జన్మలో యంత్రం ముట్టుకోవడానికి వీల్లేదు. ఎండ్రకాయల మళ్ళకు పంపేస్తారు. ఆమె ఆ సంగతి విని, నా జాలీలు కూడా తనే గీకింది.

సుందరమూర్తి మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. నమూనా కోసం ముప్ఫై తొమ్మిదో ఏటి నివేదిక కావాలట. “అంత బాగా ఎవరూ రాయలేరండీ. మీ వాక్యాలే అక్కడక్కడా పెట్టుకుంటాను, ఏమనుకోకండి,” అన్నాడు. పాతికేళ్ళుగా ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క మంచి మాట అది.

నివేదిక తీసి చూశాను. అది నా తమ్ముడి చావు గురించి.

భావన్నారాయణ స్తంభాల్లో వెల్డింగ్ చేసేవాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నేను చదివిన పుస్తకాల కథలు భోజనాల దగ్గర చెప్పించుకుని, మర్నాడు స్తంభంలో మిగతావాళ్ళకి తప్పులతో చెప్పేవాడు. ఆ రోజు నాకు జ్వరం. కరెంటు పోయి వచ్చింది, ప్రోగ్రాంలు మళ్ళీ మొదలుపెట్టాలి. గదిలో ఉన్నది నాంచారయ్య. ఇరవై ఆరేళ్ళవాడు, నాలుగో దిమ్మలో పని నేర్చుకుని మా దగ్గరికి వచ్చి రెండు నెలలు. తన లాగిన్‌లోంచి మొదలుపెట్టాడు. పని దిగాక, అక్కడ నేర్పినట్టే శుభ్రంగా లాగౌట్ చేసి ఇంటికి వెళ్ళాడు. తువ్వాలు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. మా పద్ధతులు చూసి నేర్చుకోవాలి గానీ అడిగి కాదని నా పట్టుదల.

భావన్న ఐదో స్తంభం అడుగున ఉన్నాడు. గంట మోగలేదు.

నమోదులో: ఆపినవారు: నాంచారయ్య.

అతను నా ముందు నిలబడి అన్న మాటలు ఇవాళ మళ్ళీ వినపడ్డాయి. “నేను ఆపలేదు సార్. లాగౌట్ చేశానంతే. నమ్మకపోతే మీరు ఒక్కసారి లాగౌట్ చేసి, చేతులు తీసి కూర్చోండి. రెండు నిమిషాల పని.”

నేను లాగౌట్ చేయను అన్నాను. నేను కొలువు వదిలిపెట్టి పోయేవాణ్ణి కాదు అన్నాను. పక్కన నలుగురు విన్నారు, నాకు గర్వంగా ఉంది. ఆ రాత్రంతా కూర్చుని ఈ నివేదిక రాశాను. అందులో ఒక వాక్యం ఉంది: “చేయి ఆపింది, కాలు వెళ్ళిపోయింది, మనసు ఎక్కడుందో అతనికే తెలియదు.” అప్పటి దిమ్మ పెద్ద, సభలో దాన్ని రెండుసార్లు చదివించుకుని, నాంచారయ్యని ఎండ్రకాయల మళ్ళకు పంపేశాడు. కొత్తగా పనిలో చేరే ప్రతి బ్యాచికీ జాగ్రత్తల పాఠంలో ఇప్పటికీ దాన్నే చదివి వినిపిస్తారు. తాయారు కూడా అది వినే చేరింది.

నివేదిక సుందరమూర్తికి ఇవ్వలేదు. కనపడటం లేదని చెప్పాను.

జ్యేష్ఠం 9

ఉదయం తాయారుని పిలిచాను. తలుపు వేయమన్నాను. నా లాగిన్‌లో రెండు ప్రోగ్రాంలూ మొదలుపెట్టాను. లాగౌట్ నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తాయారు గడియారం చూస్తోంది.

సరిగ్గా నలభై సెకన్లు. బ్లోయర్ గొంతు దిగి, దిగి, ఆగిపోయింది. ఆపినవారు: త్రివిక్రమం.

కారణం కనుక్కోవడానికి తర్వాత గంట కూడా పట్టలేదు. తాయారే చెప్పింది. మనిషి లాగిన్ అయినప్పుడు సర్వర్ అతని కోసం ఒక గది తెరుస్తుంది. అతను మొదలుపెట్టినవన్నీ ఆ గదిలోనే పనిచేస్తాయి. లాగౌట్ చేస్తే నలభై సెకన్లు చూసి, గది ఊడ్చి తాళం వేస్తుంది. బ్లోయరూ, గంటా రెండూ ఆ గదిలోనివే. అవీ ఊడ్చుకుపోతాయి. ఊడ్చింది సర్వరే, కానీ నమోదులో గది ఎవరిదో వాళ్ళ పేరే రాస్తుంది. మా పెద్దల నియమం అటువంటిది, ప్రతి పనికీ ఒక మనిషి పేరు ఉండాలి కదా. తువ్వాలు కప్పినంతకాలం గది తెరిచే ఉంటుంది. అందుకే నలభై ఒక్క ఏళ్ళు నాకు ఏ లోపమూ కనపడలేదు.

ముప్ఫై తొమ్మిదో ఏటి సంగతంతా ఆమెకు చెప్పాను. “అయితే ఆ నాంచారయ్యగారు చెప్పింది నిజమేనన్నమాట,” అంది తాయారు.

అవును అన్నాను.

“మీరు అప్పుడే చూసుంటే?”

ఆమె రెండోసారి అడగలేదు. బయటికి వెళ్ళి ఎక్కడో జాలీ గీకుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

జ్యేష్ఠం 11

సభ. సుందరమూర్తి తన నివేదిక చదివాడు. నా వాక్యాలు జ్ఞాపకం ఉన్నంతవరకు పెట్టుకున్నాడు. “చేయి ఆపింది” దగ్గర కొందరు తలలూపారు. అందరికీ తెలిసిన వాక్యం కదా. తాయారు చివరి బల్ల మీద కూర్చుని గోళ్ళలో ఉప్పు తీసుకుంటోంది.

నేను లేచి అందరినీ సర్వర్ గదిలోకి రమ్మన్నాను. పట్టినంతమంది వచ్చారు. వాళ్ళ ఎదుట లాగౌట్ చేసి, సుందరమూర్తినే గట్టిగా అంకెలు లెక్కపెట్టమన్నాను. నలభై అనేసరికి గోడ వెనక గొంతు తగ్గింది. బ్లోయర్ ఆగింది. నమోదు చదవమన్నాను. చదివాడు.

తాయారు తప్పు లేదని ఒప్పుకున్నారు. అందరూ లేవబోతుంటే ఇంకొకటి ఉందని చెప్పాను. ముప్ఫై తొమ్మిదో ఏటి నివేదిక అబద్ధం, దాన్ని కొట్టేయాలి, పాఠంలోంచి తీసేయాలి.

“ఇరవై రెండేళ్ళ కిందటి కాగితం ఇప్పుడెందుకండీ త్రివిక్రమం గారూ,” అన్నాడు సుందరమూర్తి. “అప్పుడు మీకు తెలీదు. ఎవరికీ తెలీదు. దిమ్మ పరువు కూడా చూసుకోవాలి కదా.”

ఆయన నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది. ఈ మనిషిని నేను పాతికేళ్ళు ద్వేషించాను, ఇప్పుడు నాకు అడ్డం నిలబడుతున్నాడు. అది భరించడం ఇంకా కష్టం.

“తెలీదు నిజమే. తెలుసుకోమని అతను అడిగాడు. నేను కుర్చీలోంచి కదలనన్నాను. అది రాసుకోండి,” అన్నాను.

రాసుకున్నారు. నాంచారయ్య మీద నిషేధం ఎత్తేశారు. బ్లోయరూ గంటా మనుషుల గదుల్లో కాకుండా సర్వర్ సొంత పేరు మీద నడవడానికి కూడా గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. పెద్దల నియమం తప్పినట్టే. కొందరు ఏడ్చినంత పని చేశారు. మార్చే పని తాయారు పదమూడున చేస్తుంది. అప్పటిదాకా తువ్వాలు.

జ్యేష్ఠం 12

ఎండ్రకాయల మళ్ళకు చిన్న పడవలో వెళ్ళాను. అవి దిమ్మకు ఉత్తరాన, వలలు కట్టిన నీళ్ళ మళ్ళు. నాంచారయ్యకి ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. వేళ్ళ నిండా కొండీల గాట్లు, కుడి చేతి రెండు వేళ్ళు సరిగా ముడుచుకోవు.

నిలబడే చెప్పాను. దారి పొడుగునా మంచి మాటలు పేర్చుకున్నాను, ఒక్కటీ వాడలేదు. లాగౌట్ చేస్తే ఆగిపోతుంది, నువ్వు ఆపలేదు, నువ్వు చెప్పిందే నిజం, నేను చూడలేదు. ఇంతే చెప్పాను. సభలో రాసుకున్నారని కూడా చెప్పాను.

కోపగించుకుంటాడని సిద్ధపడి వచ్చాను. తిడతాడని, కొట్టినా కొడతాడని.

“మొదటి రెండేళ్ళూ నాకు గట్టిగా తెలుసు సార్, నేను ఆపలేదని,” అన్నాడు. “తర్వాత తర్వాత అనుమానం వచ్చింది. మీరు అంత బాగా రాశారు కదా. మా అన్నయ్య కూతురు పాఠంలో నేర్చుకొచ్చి ఇంట్లో చదివేది, అది నా గురించని దానికి తెలీదు. విని విని, చెయ్యి ఏదో నొక్కే ఉంటది, నాకే గుర్తులేదు అనుకున్నా. ఆ రోజు మీట దగ్గర నా వేలు కనపడేది కూడా. కల్లో కాదు, మామూలుగానే, కళ్ళు మూసుకుంటే.”

వల అంచున చిక్కుకున్న ఎండ్రకాయను విడిపించి నీళ్ళలో వేశాడు.

“పెళ్ళి చేసుకోలేదు సార్ నేను. పిల్లల్ని ఎత్తుకుంటే పారేస్తానేమోనని. నా చేతుల్ని నమ్మేవాణ్ణి కాదు.”

నా జీవితంలో బాగా రాశానని నేను నమ్మింది ఒక్కటే. అది ఒక మనిషి బుర్రలోకి వెళ్ళి అతని జ్ఞాపకాన్ని తుడిచి తను కూర్చుంది. ఎన్నో పుస్తకాలు చదివాను. మాటకి అంత బలం ఉంటుందని అన్నీ చెప్పాయి. బలం ఎటు పోతుందో చూసుకోమని చెప్పినవి కూడా ఉండే ఉంటాయి. ఆ పేజీలు వేగంగా తిప్పేసి ఉంటాను.

క్షమించమని అడగలేదు. అడిగితే ఇచ్చేస్తాడేమోనని భయం వేసింది.

తిరిగి వస్తుంటే వెనకనుంచి పిలిచాడు. “రేపు మార్చేస్తారన్నారు కదా. మార్చకముందు నేను ఒకసారి చూడొచ్చా?”

జ్యేష్ఠం 13

పొద్దున ఏడింటికే వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఆగిపోయాడు. తాయారు ఎదురెళ్ళి, “రండి నాంచారయ్యగారూ, కుర్చీ ఊగుద్ది, చూసి కూర్చోండి,” అని నా కుర్చీ చూపించింది.

స్తంభాలన్నీ ఖాళీ అని నేనే ఆరు మూతలూ తిరిగి చూసి వచ్చాను.

తాయారు అతని పేరు మీద కొత్త లాగిన్ తెరిచింది. అతనికి పద్ధతి ఇంకా గుర్తుంది. వంగని వేళ్ళు తప్పించి మిగతావాటితో నెమ్మదిగా కొట్టాడు. బ్లోయర్ ప్రోగ్రాం మొదలుపెట్టాడు, గంట ప్రోగ్రాం మొదలుపెట్టాడు. గోడ వెనక బ్లోయర్ అందుకుంది. కాసేపు అలా విన్నాడు.

తర్వాత లాగౌట్ నొక్కాడు. నొక్కి, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు తనకు కనపడేలా మొహం ముందు పెట్టుకున్నాడు. గడియారం చూడలేదు, తెర చూడలేదు. చేతులనే చూస్తున్నాడు.

బ్లోయర్ దానంతట అది దిగిపోయి ఆగింది.

తెర మీద వచ్చింది: ఆపినవారు: నాంచారయ్య. అతను దాన్ని చదివి తల ఊపాడు, తెలిసిన మనిషిని దారిలో చూసినట్టు.

“ఇంకోసారి చేసుకోనా అమ్మా?” అని తాయారుని అడిగాడు.

“మీ ఇష్టం. ఎన్నిసార్లయినా,” అంది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ చేతులు పైకెత్తాడు. మూడోసారి చేశాడు. నాలుగోసారి. ప్రతిసారీ నలభై సెకన్ల తర్వాత గోడ వెనక ఆ గొంతు తగ్గుతూ ఆగిపోతోంది. ఐదో స్తంభం అడుగున నా తమ్ముడు విన్న చివరి చప్పుడు అది. వాడు పోయిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నేను దాన్ని మనసులో వినలేదు. కోపం అడ్డం ఉండేది. ఇప్పుడు వినాల్సి వచ్చింది, వరసగా. ఆ ముందు నిమిషం దాకా వాడు ఎవరికో నా కథే తప్పులతో చెబుతూ ఉండి ఉంటాడు.

ఆరోసారి అయ్యాక నాంచారయ్య చేతులు దించాడు. తుడుచుకోలేదు, దాచుకోలేదు, బల్ల మీద ఊరికే పెట్టాడు. తాయారు మార్చే పని మొదలుపెట్టడానికి పక్క టెర్మినల్ దగ్గర కూర్చుంది. అతను ఏ మీట దేనికో అడుగుతున్నాడు, ఆమె చెబుతోంది. ఒకచోట ఆమె ఏదో అంటే చిన్నగా నవ్వాడు.

నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. ఏదైనా అడుగుతాడేమో, ఏదైనా అంటాడేమో అని. చివరికి వెనక్కి తిరిగి చూశాడు. మొహంలో కోపం లేదు, నేను వెతికిన ఇంకోటి కూడా లేదు.

“మీరు వెళ్ళండి సార్,” అన్నాడు. “నేను చూసుకుంటా.”

నలభై ఒక్క ఏళ్ళలో ఆ గదిలోంచి నన్ను వెళ్ళమన్నవాళ్ళు లేరు. వెళ్ళాను.